తలుపు చెక్కల పడవ

సూరత్ గోడాదరాలో వడ్రంగి బ్రహ్మచారి ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ గల్లీ నంబరు చెప్పరు. డాబా మీద పడవ ఉన్న ఇల్లు అంటారు. చెప్పేటప్పుడు కొంచెం నవ్వుతారు కూడా. తాపీ నది ఎక్కడో ఉంది, సముద్రం ఇంకా దూరం. గల్లీలో పొద్దస్తమానం మరమగ్గాల మోత తప్ప నీళ్ళ చప్పుడే వినపడదు. అలాంటి చోట ఒక వడ్రంగి తన అద్దె ఇంటి మీద పది అడుగుల పడవను బోర్లించి, టార్పాలిన్ కప్పి, పద్దెనిమిదేళ్ళుగా కాపాడుకుంటున్నాడంటే నవ్వరా మరి. బ్రహ్మచారి ఆ నవ్వులకు ఏనాడూ నొచ్చుకోలేదు. వరద వస్తే ఆ నవ్వేవాళ్ళలో ఎవరిని ముందు ఎక్కించుకోవాలో, ఎవరిని రెండో విడతలో తీసుకుపోవాలో ఆయన మనసులో ఒక జాబితా ఉండేది.

ఆ పడవను ఇప్పుడు అమ్మాల్సి వచ్చింది. ఇంటి యజమాని శేఠ్ మంచివాడే. ఇన్నేళ్ళూ డాబా మీద పడవ ఉంటే కాదనలేదు. కానీ ఈ ఏడు పైన ఇంకో అంతస్తు వేయాలని నిశ్చయించుకున్నాడు. వానలు ముదిరేలోగా డాబా ఖాళీ చేయమని కబురు పెట్టాడు. ఆ మాట విన్నప్పటి నుంచి బ్రహ్మచారికి అన్నం సయించలేదు. పడవ పోతుందని దిగులా అని భార్య లలితమ్మ అడిగితే కాదన్నాడు. నిజానికి పడవ పోతుందన్న దిగులు కొంత, అది పోయిన మర్నాడే వరద వస్తుందన్న భయం చాలా. మనిషి తీరే అంత. గొళ్ళెం వేసిన తలుపును మూడుసార్లు లాగి చూస్తే గానీ మెట్లు దిగడు. వానకాలమంతా తాపీ మీది ఉకాయ్ డ్యామ్‌లో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో రోజూ ఫోన్‌లో చూసి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకుంటాడు.

ఆ భయం ఊరికే రాలేదు. బ్రహ్మచారిది కోరుట్ల దగ్గర ఒక పల్లె. ఇరవై రెండేళ్ళ వయసులో, ఊళ్ళోని నేతగాళ్ళు సూరత్ బండెక్కితే వాళ్ళతో పాటు తనూ ఎక్కాడు. వాళ్ళు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చారు, ఆయన ఆ సాంచెల కొయ్య భాగాలు బాగుచేయడానికి వచ్చాడు. పెళ్ళి చేసుకుని అమ్రోలీలో నేల మీది గది ఒకటి అద్దెకు తీసుకున్నాడు. రెండువేల ఆరులో తాపీ పొంగినప్పుడు ఆ గది కప్పుదాకా మునిగింది. నాలుగేళ్ళ సింధూజను భుజాన వేసుకుని, లలితమ్మను చేయి పట్టి లాగుతూ పక్కనున్న ఖాతా రేకుల మీదికి ఎక్కాడు. ఖాతా అంటే సాంచెలు నడిచే షెడ్డు. ఆ రేకుల మీద రెండు రోజులున్నారు. మొదటి పడవ నిండి ఉంది. రెండో పడవవాళ్ళు మళ్ళీ వస్తామని చేయి ఊపి వెళ్ళారు, రాలేదు. పిల్ల మాత్రం అలుపు లేకుండా పడవను పిలువు పప్పా, పడవను పిలువు అంటూనే ఉంది. పిలిస్తే వచ్చేది ఏదీ లేదని ఆ పిల్లకు చెప్పలేక బ్రహ్మచారి గొంతు పోయేదాకా అరిచాడు. చివరికి నీళ్ళు వాటంతట అవే తీశాయి.

వరద పోయాక ఊరంతా నానిన తలుపులు బయటపడ్డాయి. టేకు తలుపులు ఉబ్బిపోయి చౌకట్లలో పట్టక, జనం వాటిని ఊడదీసి రోడ్ల పక్కన పడేశారు. అందరూ ఫ్రిజ్‌లూ పరుపులూ పోయాయని ఏడుస్తుంటే బ్రహ్మచారి తోపుడు బండి మీద తలుపులు ఏరుకున్నాడు. నదికి దూరంగా గోడాదరాకు ఇల్లు మార్చి, ఆ తలుపులు డాబా మీద ఎండబెట్టి, ఏడాది తర్వాత పడవ మొదలుపెట్టాడు. అంతకు ముందు పడవ చేసి ఎరగడు. ఆదివారాలు డుమస్ పోయి సముద్రపు ఒడ్డున బోర్లించిన పడవలను టేపుతో కొలుచుకుని వచ్చేవాడు. అక్కడి జాలరులు చెక్కకూ చెక్కకూ మధ్య సందులో నూలు పేనిన తాడు దూర్చి, సుత్తితో కొట్టి, పైన తారు పూయడం చూశాడు. అది దూది నూలని ఆయనకు తెలియక కాదు. దూది నూలు నానితే మురిగిపోతుంది గదా, తాను ఉండేది పాలిస్టర్ పట్నంలో, ఖాతాల ముందు గుట్టలుగా పడుండే పాలిస్టర్ నూలు వందేళ్ళయినా మురగదు, అది పెడితే పోలా అనుకున్నాడు. ఆ ఆలోచన తట్టినందుకు ఎంత మురిసిపోయాడో చెప్పలేను. జాలరులకు రాని తెలివి తనకు వచ్చిందని టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పాడు కూడా.

పడవ పూర్తయింది గానీ నీళ్ళలో దిగలేదు. డాబా మీది నుంచి దించి, బండెక్కించి, నదికి తోలుకుపోయి చూసేంత తీరిక ఎవరికుంది. ఆయనకు ఆ అవసరమూ కనిపించలేదు. తలుపు చేస్తే తలుపు, మంచం చేస్తే మంచం, పడవ చేస్తే పడవ. ఆ వానకాలం నుంచి ఇంట్లో ముగ్గురూ ధైర్యంగా పడుకున్నారు.

ఒక్కసారి మాత్రం దాని అవసరం దగ్గరదాకా వచ్చింది. పన్నెండేళ్ళ కిందట ఒక శ్రావణంలో, గోడాదరా వెనకాల మురుగునూ వాననీళ్ళనూ మోసుకుపోయే ఖాడీ పొంగి గల్లీల్లోకి వచ్చింది. కింద ఖాతా మునిగి, నీళ్ళు మెట్లెక్కడం మొదలుపెట్టాయి. బ్రహ్మచారి నడుం కట్టాడు. పడవను వెల్లకిలా తిప్పి, నాలుగు మూలలా మోకులు కట్టి, అప్పటికి పదకొండేళ్ళున్న సింధూజను బడి సంచితో సహా అందులో కూర్చోబెట్టాడు. పిట్టగోడ మీది నుంచి గల్లీలోని నీళ్ళ మీదికి దించడమే తరువాయి. అప్పుడు లలితమ్మ పైకి వచ్చి, పొయ్యి మీద అన్నం ఉంది, ఉడికాక పిల్ల తిని ఎక్కుతుందని చెప్పి, పిల్లను చేయి పట్టి దించుకుపోయింది. బ్రహ్మచారి ఎంత గీపెట్టినా వినలేదు. అన్నం ఉడికి పిల్ల తినేసరికి నీళ్ళు ఆరో మెట్టు దగ్గర ఆగాయి. సాయంత్రానికి ఒక మెట్టు దిగాయి.

గండం గడిచిందిగదా అని ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. పన్నెండేళ్ళుగా, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ సంగతి చెప్పి నవ్వించేవాడు. మా ఇంటామె గంజి వార్చేదాక వరద ఆగాలట, ఇంకో జానెడు లేచుంటే పిల్లను చంపేది అనేవాడు. లలితమ్మ ఎదురు చెప్పేది కాదు. చుట్టానికి చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళేది.

ఇక పడవ అమ్మకం సంగతి. సింధూజ ఇప్పుడు చీరల డిజైన్లు కంప్యూటర్ మీద వేసే పనిలో ఉంది. అమ్మకానికని పడవ ఫోటో ఫోన్‌లో పెట్టింది. నాలుగో రోజున బార్డోలీ నుంచి బిక్షపతి అనే ఆయన వచ్చాడు. నిజామాబాద్ వైపు గంగపుత్రుడు, జాలరి వంశం. సాంచెల మీద పని చేయడానికే వచ్చి, ఆ మోత పడక, బార్డోలీ పక్కన ఒక చెరువు పాటకు తీసుకుని చేపలు పెంచుతున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. బడి నుంచి వచ్చాక వాళ్ళే చేపలకు మేత వేస్తారట, ఖాళీ డ్రమ్ములు కట్టిన తెప్ప మీద పోతుంటే భయంగా ఉందని పడవ కోసం చూస్తున్నాడట. బ్రహ్మచారికి ఆ మాట నచ్చింది. పిల్లల కోసం చేసిన పడవ పిల్లలకే పోతోందనుకున్నాడు.

బిక్షపతి పడవ చుట్టూ తిరిగి, వేలి కణుపులతో చెక్కలన్నీ తట్టి చూసి, టేకు బాగుందన్నాడు. ఒకచోట తారు బీట వారి ఉంటే గోరుతో గీకాడు. లోపలి నుంచి ఒక పోగు వేలికి చుట్టుకుని వచ్చింది. ఎండలో తళతళ మెరిసింది.

"చారన్నా, గిదేంది? పాలిస్టరా?"

"ఔ. మన సూరత్ నూలు. వందేండ్లయినా మురగది."

"మురగదు, నిజమే. గని నీళ్ళు తాగదు గద. నూలు నీళ్ళు తాగి ఉబ్బితెనే గా సందు మూస్కుంటది. గందుకే దూది పెడ్తరు."

బ్రహ్మచారి ఆ పోగును అందుకుని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఆయన ముఖం చూసి బిక్షపతికే జాలి వేసినట్టుంది. చెక్క నానితే అదే బిగుస్తుందిలే, తారు మందంగానే ఉంది, బాగుచేయకపోయినా ఇట్లాగే తీసుకుంటాను, వానలు పోయాక తీరిగ్గా నేనే చూసుకుంటానని చెప్పి, వచ్చే ఆదివారం టెంపో తెస్తానని వెళ్ళిపోయాడు. అప్పటికి బుధవారం.

బాగుచేసి ఇవ్వాలా, ఉన్నదున్నట్టు ఇవ్వాలా? కొనేవాడే అక్కర్లేదన్నాక అమ్మేవాడికి ఏం బాధ? వేరేవాడైతే ఆ రాత్రి హాయిగా తిని పడుకునేవాడు. బ్రహ్మచారి అలా కాదు. బాగుచేయాలంటే తారు గీకాలి. గీకితే లోపల ఏముందో తేలిపోతుంది. తేలిపోతే ఆ పడవను నమ్ముకుని పడుకున్న పద్దెనిమిది వానకాలాల మాటేమిటి? పడవ కారుతుందేమోనన్నది పైకి చెప్పుకునే భయం. అది ఎప్పటి నుంచో కారేదేనేమోనన్నది ఎవరికీ చెప్పుకోలేని భయం. బిక్షపతికి విషయం తెలిసే తీసుకుంటున్నాడు గనక తన మీద పాపం లేదని ఒక పూట సమాధానపడేవాడు. ఆ చెరువూ, ఆ ఇద్దరు పిల్లలూ గుర్తొచ్చి మరో పూట డాబా మెట్ల దాకా పోయి తిరిగొచ్చేవాడు.

తండ్రి కంచం ముందు కూర్చుని వేళ్ళతో కెలుకుతుంటే సింధూజ చూడలేకపోయింది. "ఇత్నా టెన్షన్ ఎందుకు పప్పా? అందులో నీళ్ళు పోసి చూడు. లోపలి నీళ్ళు బయటికి రాకపోతే బయటివి లోపలికి రావు. బస్, అంతే" అంది. ఆ పిల్లకు ప్రపంచంలో అన్నీ బస్ అనే మాటతో తేలిపోతాయి. రేపు చూద్దామన్నాడు. మర్నాడు నడుము నొప్పన్నాడు. శుక్రవారం, సింధూజ పనికీ లలితమ్మ రేషన్ షాపుకూ పోయాక, ఇంట్లోవాళ్ళకు తెలియకుండా డాబా ఎక్కి, పక్కింటి కుర్రాళ్ళను పిలిచి పడవను ఇటుకల మీద వెల్లకిలా పెట్టించి, వాళ్ళను పంపేసి, ట్యాంకుకు పైపు తగిలించాడు.

మూడో వంతు నిండేసరికి పైపు తీశాడు. వంగి చూశాడు. అడుగు పొడిగానే ఉంది. ఐదు నిమిషాలు గడిచాయి, పది గడిచాయి. ప్రాణం కుదుటపడి బీడీ వెలిగించబోతుండగా అడుగున మధ్య చెక్క దగ్గర ఒక బొట్టు ఊరి, నిలిచి, కింద పడింది. పక్కనే ఇంకోటి. బీడీ సగం కాలేలోపు ఆ సందు పొడవునా బొట్లు వరస కట్టాయి. ఎండి ఉన్న చెక్క గదా, నానితే బిగుస్తుందిలే అని తనకు తానే చెప్పుకుని మళ్ళీ నింపాడు. మధ్యాహ్నానికి బొట్లు ధారలయ్యాయి. పాత తారు పెచ్చులుగా ఊడి వచ్చింది. ఊడిన చోటల్లా సందులోంచి తెల్లటి పాలిస్టర్ పోగులు, పెట్టిననాడు ఎంత సన్నగా ఉన్నాయో అంత సన్నగానే, నీళ్ళ వాలుకు ఊగుతున్నాయి. వందేళ్ళు మురగని నూలు. మూడోసారి నింపాడు. గంట తిరగకుండా పడవ ఖాళీ అయింది.

డాబా నీళ్ళన్నీ గొట్టంలోంచి గల్లీలో పడుతుంటే కింద ఎవరో కేకేశారు. రేషన్ సంచి మెట్ల మీదే పెట్టి లలితమ్మ పైకి వచ్చింది. ఆయన తడిసిన పంచెతో ఇటుకల పక్కన చతికిలబడి ఉన్నాడు. ఏమైందని అడిగే అవసరం లేకపోయింది. పడవ అడుగు ఇంకా కారుతోంది.

ఆమె కూడా పక్కన కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ ఆ కారే నీళ్ళనే చూశారు. ఆయన లెక్క వేస్తున్నాడు. ఆ శ్రావణంలో గల్లీలో నీళ్ళు మనిషి లోతున్నాయి. మోకులతో దించడానికి పావుగంట. ఖాడీ దాటి పెద్ద రోడ్డు చేరడానికి, ఎంత తొందరగా తోసినా, ముప్పావు గంట. పిల్ల మెడలో బడి సంచి ఉంది. దాన్ని తీయమనాలని కూడా తనకు తోచలేదు.

"గా దినం నువ్వు ఆపకపోతె," అన్నాడు.

"నీళ్ళు తీస్తయని ఎరుకయ్యి ఆపలే," అంది లలితమ్మ. "పిల్ల పెయ్యి గజగజ వణుకుతుండె. వేడి బువ్వ కడుపుల పడితె ఆగుతదని ఆపిన. గంతే."

పన్నెండేళ్ళు చుట్టాలను నవ్వించిన మాట ఆయనకు గుర్తొచ్చింది. తప్పయిందని చెప్పడం చేతకాలేదు. ఆయన తరం మగవాళ్ళకు అది అలవాటు లేని పని. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి ముఖం దాచుకుని ఏడ్చాడు. లలితమ్మ ఓదార్చలేదు, దెప్పనూ లేదు. ఏడుపు తగ్గాక మాత్రం ఒక మాట చెప్పింది.

"బాగుజెయ్యి. చేతగాదంటవా, పగలగొట్టి కట్టెల కింద అమ్ము. గిట్ల ఉన్నదాన్ని మాత్రం ఎవ్వల పిల్లలకియ్యకు."

అలా ఆ ప్రశ్న తేలింది. బిక్షపతికి ఫోన్ చేసి, ఆదివారం కాదు, ఇంకో వారం గడువు కావాలని అడిగాడు. పడవ మొత్తం కారుతోందన్న సంగతీ దాచకుండా చెప్పాడు. బిక్షపతి తప్పు పట్టలేదు. దూది తాడు ఎంత లావు పేనాలో, సందులో ఎన్ని వరసలు కొట్టాలో ఓపిగ్గా చెప్పి, తన తాత ఎలా చేసేవాడో కూడా చెప్పాడు.

ఉలితో తారు గీకి, పాలిస్టర్ పోగులు లాగేయడానికి మూడు రోజులు పట్టింది. లాగినకొద్దీ వచ్చాయి. ఒక గోనె సంచి నిండింది. పరుపులు కుట్టేవాళ్ళ దగ్గర దూది తెచ్చారు. పెళ్ళయిన కొత్తలో ఇంట్లోనే కండెలు చుట్టి సంసారానికి ఆసరా అయిన మనిషి లలితమ్మ. పోగు చేతికి వస్తే ఎంత బిగువుండాలో ఆమె వేళ్ళకు తెలుసు. ఆమె తాడు పేని ఇస్తుంటే బ్రహ్మచారి సందులో దూర్చి సుత్తితో కొట్టేవాడు. కొట్టిన చోటే మళ్ళీ కొట్టేవాడు. ఇది చాలా, ఇది చాలా అని అడిగి అడిగి ఆమె ప్రాణం తీశాడు. తన చేతి పని మీద తనకు నమ్మకం పోయింది. ముప్పై ఆరేళ్ళ పనిలో ఎన్నడూ లేనిది. ఎప్పుడో బిగించిన కిటికీలూ, ఎవరికో చేసి ఇచ్చిన మంచాలూ కూడా గుర్తొచ్చి, సుత్తి పక్కన పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేవాడు.

తారు ఆరిన రోజే వాన పట్టుకుంది. ఇక పైపుతో పనిలేకపోయింది, ఆకాశమే పడవను నింపింది. బ్రహ్మచారి గొడుగు వేసుకుని గంటకోసారి పైకి పోయి అడుగు తడిమి చూసేవాడు. మొదటి పూట కొంచెం చెమ్మ ఊరింది. రెండో పూటకు దూది తాగాల్సింది తాగి, ఉబ్బి, బిగిసింది. ఒక్క బొట్టు రాలేదు. మూడో రోజూ రాలేదు.

బాగైందిగదా, ఇక సంతోషమేనా? కాదు. పెద్ద భయం అప్పుడే మొదలైంది. వాన వదల్లేదు. డ్యామ్ గేట్లు తెరుస్తారన్న మాట ఫోన్లలో తిరిగింది. ఖాడీ నిండుగా పారుతోంది. శేఠ్ వచ్చి పైకి చూసి, ఈ వానలో స్లాబు పని సాగదు, దీపావళి దాకా నీ పడవ ఉంటే ఉండనీ అన్నాడు. బిక్షపతి కూడా ఫోన్ చేసి, ఊరి పరిస్థితి విన్నాను, కావాలంటే ఈ వానకాలం మీరే ఉంచుకోండి అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి డాబా మీద నిజమైన పడవ ఉంది. మొదటిసారి దాన్ని ఉంచుకొమ్మని అందరూ చెబుతున్నారు. కిందేమో నీళ్ళు పెరుగుతున్నాయి. అమ్మితే ఆ మర్నాడే వరద వస్తే? ఉంచుకుంటే, ఆ చెరువులో డ్రమ్ముల తెప్ప తిరగబడితే? ఆ రెండింటి మధ్య నలిగి ఆయనకు జ్వరం వచ్చినట్టయింది.

ఉంచుకుందామా అని లలితమ్మను అడిగాడు. నీ ఇష్టం ఏమిటని ఆమె తిరిగి అడిగింది. ఆయన కిటికీ దగ్గరికి పోయి ఖాడీ వైపు చూశాడు.

"డాబా మీద పెట్టుకుంటె మల్ల ఉత్త నమ్మకమే గద," అన్నాడు చివరికి. "నీళ్ళు లోపట పోసి చూసుడు వేరు, నీళ్ళల్ల ఏసి చూసుడు వేరు. నాకు ఎరుక గావాలె."

మరి నీళ్ళొస్తే అని ఆయనే మళ్ళీ అడిగితే, శేఠ్‌ను అడిగి ఎత్తయిన డాబాలున్న పక్కింటివాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకుందాం, గల్లీలో అందరితో పాటు మనమూ అక్కడికే ఎక్కుదాం అంది ఆమె. అంత సులువైన మాట ఇన్నేళ్ళూ తనకెందుకు తట్టలేదో ఆయనకు అర్థం కాలేదు. ఆ సాయంత్రమే బిక్షపతికి టెంపో తెమ్మని చెప్పాడు. ఒక్కటే షరతు పెట్టాడు. పడవతో పాటు తానూ వస్తాడు, పిల్లల కంటే ముందు తానే ఎక్కుతాడు.

చెరువు దగ్గరికి చేరేసరికి వాన వెలిసింది. చుట్టూ చెరకు తోటలు. బ్రహ్మచారికి ఈత రాదు, పడవలో కూర్చోవడమూ అదే మొదలు. నలుగురు పట్టి నీళ్ళలోకి తోశాక, వెంట వచ్చిన లలితమ్మ ఒడ్డున నిలబడి చూస్తుండగా, బిక్షపతి చేయి పట్టుకుని ఎక్కాడు. పడవ ఊగింది. ఆయన రెండు చేతులతో అంచులు పట్టుకుని నడిమి చెక్క మీద కూర్చున్నాడు. బిక్షపతి వెదురు గడతో కొంచెం దూరం తోసి, మళ్ళీ ఒడ్డుకు తెచ్చి, తాడు కట్టి దిగిపోయాడు. దిగమన్నా బ్రహ్మచారి దిగలేదు. కాళ్ళ సందున అడుగు చెక్కలనే చూస్తూ కూర్చున్నాడు. ఒకచోట తడి కనిపించింది. తువ్వాలతో తుడిచి, కళ్ళార్పకుండా చూశాడు. మళ్ళీ రాలేదు. ఎక్కేటప్పుడు తన కాళ్ళకంటిన నీళ్ళే. అలా ఎంతసేపు కూర్చున్నాడో, ఒడ్డున చాయ్ కాచడమూ తాగడమూ కూడా అయిపోయాయి.

బిక్షపతి చిన్న కూతురు హారతి, తొమ్మిదేళ్ళుంటాయి, బడి సంచి భుజాన ఉండగానే మేత బకెట్టుతో ఒడ్డున ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఎక్కనా అని తండ్రిని అడిగింది. ఆయన గడ నేలకు ఆనించాడు.

"నన్నడగకు బిడ్డా. చేసింది తాత. తాత ఎక్కమంటె ఎక్కు."

అందరూ బ్రహ్మచారి వైపు చూశారు. లలితమ్మ కూడా చూసింది. ఆయన వంగి అరచేత్తో ప్రతి సందునూ ఈ చివర నుంచి ఆ చివరదాకా తడిమాడు. ఇంకోసారి తడిమాడు. తర్వాత పిల్ల మెడ వైపు చూసి, భుజాన ఉన్న బడి సంచి తీసేయమన్నాడు.

"రా బిడ్డా. ఎక్కు."

పిల్ల గంతేసి ఎక్కింది. పడవ పక్కకు ఒరిగి, మళ్ళీ నిలకడగా కూర్చుంది. బిక్షపతి తాడు విప్పి తనూ ఎక్కి, వెనక నిలబడి గడ వేశాడు. హారతి పిడికిళ్ళతో మేత చల్లుతుంటే చేపలు నీళ్ళను కుతకుతలాడించాయి. బ్రహ్మచారి మాత్రం తల ఎత్తలేదు.

"తాతా, కిందికేం చూస్తున్నవ్? మఛ్లీలు అటు ఉన్నయ్," అంది ఆ పిల్ల.

అప్పుడు తల ఎత్తాడు. చెరువు నడిమికి వచ్చేశారు. ఒడ్డు మీద లలితమ్మ పచ్చ చీర చిన్నగా కనిపిస్తోంది. ఇందాకటి దాకా నిలబడి చూసిన ఆమె ఇప్పుడు కూర్చుని ఉంది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఎందుకేడుస్తున్నావని పిల్ల అడిగితే, ఏం లేదు, ఇంకో పిడికెడు వెయ్యమన్నాడు. పిల్ల గౌను వెనక కుచ్చు పట్టుకున్న ఆయన వేళ్ళు మాత్రం ఒడ్డు చేరేదాకా వదల్లేదు.